కుక్క పేరు పిల్లికెలా వచ్చింది? రాపా నుయి ఇంటి మాటలు ఎంతవరకు సాక్ష్యం

న్యూజిలాండ్ మావోరీలు కుక్కను కురీ అంటారు. టొంగాలో అది కులీ, తహీతిలో 'ఉరీ. ఈ మూడూ ఒకే పాత మాటకు పుట్టిన రూపాలని పాలినీషియన్ భాషలు చదివినవారందరూ ఒప్పుకుంటారు. రాపా నుయి ద్వీపంలో మాత్రం కురీ అంటే పిల్లి. అక్కడ కుక్కను పైహేఙ అని పిలుస్తారు.

రాపా నుయిని మన పాఠ్యపుస్తకాలు ఈస్టర్ దీవి అంటాయి. 1722 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, డచ్చి నావికుడు యాకబ్ రోగవేన్ కంటపడటంతో వచ్చిన పేరది. విస్తీర్ణం 163 చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ. చిలీ తీరం అక్కడికి 3,500 కిలోమీటర్ల పైన. మనుషులుండే దగ్గరి దీవి పిట్‌కెయిర్న్ కూడా సుమారు 2,000 కిలోమీటర్ల దూరం. లోకం ఈ ద్వీపాన్ని రాతి విగ్రహాలతోనే గుర్తుపెట్టుకుంది. ఆ రాళ్లను చెక్కినవాళ్లు ఇంట్లో, పొలంలో, ఒడ్డున ఏ మాటలు వాడారన్నది అంతకన్నా తక్కువ విషయమేమీ కాదు. విగ్రహాల మీద వెలువడిన పుస్తకాల పక్కన భాష మీద వచ్చినవాటిని పేర్చి చూస్తే బాధ కలుగుతుంది.

రోజువారీ మాటల నుంచి గతాన్ని ఎంతవరకు చదవవచ్చన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. చదవవచ్చు, కానీ ఒక షరతుంది. ప్రతి మాటనూ ముందు రెండు ప్రశ్నలు అడగాలి: నిన్ను రాసుకున్నది ఎవరు, నువ్వు ఏ దారిన ఈ దీవికి వచ్చావు? ఈ జవాబులు రాకముందే కట్టిన సిద్ధాంతాలు రాపా నుయి విషయంలో చాలాసార్లు కూలిపోయాయి.

మొదటి ప్రశ్న బరువెంతో అంకెల కథ చెబుతుంది. 1770లో ఫెలిపె గోన్సాలెస్ నాయకత్వాన వచ్చిన స్పానిష్ నౌకల్లోని అధికారి ఆగ్వెరా ఒక చిన్న పదపట్టిక రాసుకున్నాడు. అందులో ఒకటి నుంచి పది దాకా అంకెలు కొయానా, కొరేనా, కొగొహుయి అంటూ సాగుతాయి. ఏ పాలినీషియన్ భాష అంకెలతోనూ ఇవి పొసగవు. నాలుగేళ్లకు, 1774లో, కెప్టెన్ కుక్ నౌక వచ్చింది. అందులో ఫోర్‌స్టర్ అనే ప్రకృతి శాస్త్రవేత్తతో పాటు బోరా బోరాకు చెందిన మహీనె అనే యువకుడూ ఉన్నాడు. అప్పుడు రాసుకున్న అంకెలు తహి, రువ, తోరు, హా, రిమ అన్న పాలినీషియన్ వరుసకు దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. నాలుగేళ్లలో ఒక జాతి అంకెలు మార్చుకోదు. అయినా యాత్రికుడు థోర్ హెయెర్‌డాల్ వంటివారికి ఆ స్పానిష్ పట్టిక ద్వీపంలో మరో జాతి, మరో భాష ఉండేవనడానికి ఊతమైంది. వేళ్లు చూపించి అడిగిన స్పానిష్‌వాళ్లకు ద్వీపవాసులు అంకెలు కాక ఇంకేదో చెప్పి ఉంటారన్న వివరణే నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. కుక్ మనుషులకు మధ్యవర్తిగా ఒక పాలినీషియన్ ఉన్నాడు, ఆగ్వెరాకు లేడు. పట్టికలు రెండింటికీ ఉన్న తేడా అక్కడుంది.

ఆ తర్వాతి ఆధారాల చుట్టూ పెద్ద విషాదముంది. 1862-63లో పెరూ నుంచి వచ్చిన బానిస వేటగాళ్లు సుమారు 1,500 మందిని పట్టుకుపోయారు. ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. మిగిలినవారిలో చాలామంది 1871 ప్రాంతంలో మంగరేవా, తహీతి దీవులకు తరలిపోయారు. 1877లో ఫ్రెంచి యాత్రికుడు పినార్ లెక్కపెడితే ద్వీపంలో ఉన్నది 111 మంది. ఇప్పుడు మనకున్న రాపా నుయి భాష ఆ 111 మంది నోటి మీదుగా, తహీతి నుంచి తిరిగొచ్చినవారి నోటి మీదుగా వచ్చింది. చెట్ల పేర్లు, చేపల పేర్లు, గాలుల పేర్లు తెలిసిన పెద్దలు ఎందరు ఆ బానిస పడవల్లో, ఆ జ్వరాల్లో పోయారో తలుచుకుంటే పదకోశం తెరవడానికి చెయ్యి రాదు.

సరిగ్గా ఆ కాలంలోనే తొలి పెద్ద పదపట్టిక తయారైంది. 1866లో వచ్చిన ఫ్రెంచి ఫాదరీ ఇప్పొలీత్ రూసెల్ దాన్ని కూర్చాడు. అది అచ్చయింది 1908లో. రూసెల్ అంతకుముందు మంగరేవా వైపు దీవుల్లో పనిచేసినవాడు. అతని పట్టికలో మంగరేవా మాటలు, తహీతి మాటలు కలిసిపోయాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. 1912లో విలియం చర్చిల్ రాసిన పుస్తకం ఆ పట్టికనే పునాదిగా తీసుకుంది. ఈనాటికీ చాలా పట్టికల్లో ఆ కల్తీ మెల్లగా పారుతూనే ఉంది. 1935లో వచ్చి మూడు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్న కపుచిన్ ఫాదరీ సెబాస్టియన్ ఎంగ్లెర్ట్ 1948లో ప్రచురించిన పదకోశం ఎంతో నమ్మదగినది. అయితే అతను విన్నది విషాదం తర్వాతి భాషను.

రెండో ప్రశ్నకు, మాట వచ్చిన దారికి, జవాబు ధ్వనుల్లో దొరుకుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల చరిత్రను వెలికితీయడానికి వాడిన తులనాత్మక పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. బ్రూస్ బిగ్స్ 1965లో మొదలుపెట్టిన పాలినీషియన్ పదసంచయం పోలెక్స్ దానికి కావలసిన సామగ్రిని ఒకచోట చేర్చింది.

రాపా నుయిలో హల్లులు పదే: ప, త, క, మ, న, ర, వ, హ, మన వర్ణమాలలోని ఙ, గొంతు దగ్గర గాలిని చటుక్కున ఆపి వదిలే మరో హల్లు. ఈ చివరిదాన్ని ఇక్కడ ' గుర్తుతో చూపిస్తున్నాను. తెలుగు మాటల్లో ఒంటరిగా ఎక్కడా నిలబడని ఙ అక్కడ మాట మొదట్లో కూడా వస్తుంది. అగ్నిబిలాల సరస్సుల్లో పెరిగే జమ్ముగడ్డి పేరు ఙ'అతు.

కొండను రాపా నుయిలో మ'ఉఙ అంటారు. మావోరీలో మౌఙ, హవాయిలో మౌన. పశ్చిమాన వేల కిలోమీటర్ల దూరంలోని టొంగాలో మో'ఉఙ. మూల పాలినీషియన్‌లో ఉన్న ఆ గొంతు హల్లును తూర్పు పాలినీషియన్ చుట్టాలన్నీ పోగొట్టుకుంటే రాపా నుయి నిలుపుకుంది. కాలు అన్న అర్థంలోని వ'ఎ, వెనుక అన్న అర్థంలోని తు'అ కూడా అంతే, టొంగా మాటలకు జత. తూర్పు శాఖ నుంచి రాపా నుయి తొందరగా విడిపోయిందనడానికి ఇది గట్టి ఆధారాల్లో ఒకటి. పురావస్తు కాలనిర్ణయాల్లో ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వలస కాలం క్రీ.శ. 1200 ప్రాంతం. ధ్వని విడిపోయిన క్రమం చెబుతుంది తప్ప సంవత్సరం చెప్పదు. ఈ రెంటినీ కలిపి రాసేటప్పుడు చాలామంది ఆ తేడా మరిచిపోతారు.

తహీతి భాషలో కథ మరోలా నడిచింది. అక్కడ పాత క, ఙ రెండూ గొంతు హల్లుగా మారిపోయాయి. కాబట్టి మిగతా దీవుల్లో క ఉన్నచోట రాపా నుయి మాటలో ' కనిపిస్తే, ఆ మాట తహీతి నుంచి దిగుమతి అయిందని అనుమానించాలి. పశువును రాపా నుయిలో పుఅ'అ అంటారు. పాత రూపం పుఅక, అర్థం పంది. అంటే ఇది 19వ శతాబ్దంలో పశువుతో పాటు పడవ దిగిన మాట. మందును రా'ఔ అంటారు. అది చెట్టు అన్న అర్థంలోని పాత మాటకు తహీతి రూపం. ఈ జల్లెడ ఎంతో ఉపయోగకరం, కానీ దీనికి పెద్ద కన్నమొకటి ఉంది. మంగరేవా భాష క, ఙ రెంటినీ నిలుపుకుంది. అక్కడి నుంచి వచ్చిన అరువు మాట రాపా నుయి సొంత మాటలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు కురీని ఈ జల్లెడలో వేద్దాం. తవ్వకాల్లో కోడి ఎముకలు, పసిఫిక్ ఎలుక ఎముకలు పుష్కలంగా దొరికాయి. కుక్క, పంది ఆ ద్వీపంలో నిలదొక్కుకోలేదు. కోడి పేరు మోఅ, ఎలుక పేరు కియో'ఎ, రెండూ వారసత్వపు మాటలే. కుక్క లేని దీవిలో కుక్క పేరు తరతరాలు కథల్లోనో పాటల్లోనో బతికి, యూరప్ ఓడల నుంచి దిగిన నాలుగు కాళ్ల చిన్న జంతువుకు అతుక్కుందన్నది ఒక ఊహ. తహీతి రూపం 'ఉరీ కాబట్టి ఇది తహీతి నుంచి రాలేదు. మంగరేవా నుంచి వచ్చి ఉండవచ్చా? ధ్వని ఒక్కదాన్నే చూస్తే కాదనలేం. కానీ అక్కడి నుంచి వస్తే కుక్క అన్న అర్థంతోనే వచ్చేది, పిల్లికి మారడానికి వేరే కారణం వెతకాలి. అర్థం మారిన తీరు మొదటి ఊహ వైపే మొగ్గుతోంది. నా తీర్పు కూడా అటే, అయితే మొగ్గు వరకే.

చెట్ల దగ్గరికి వస్తే సాక్ష్యం ఇంకా చిక్కబడుతుంది. మన కోస్తా ఊళ్లలో వీధుల పక్కన నీడనిచ్చే గంగరావి తెలియనివారుండరు. గుండె ఆకారపు ఆకు, ఉదయం పసుపు రంగులో విచ్చుకుని సాయంత్రానికి ఎర్రబారే పువ్వు, చేవదేరితే ముదురు గోధుమ రంగు కలప. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా తీరాల వెంట అదే చెట్టు. తహీతిలో దాని పేరు మిరో, సమోవా, హవాయిల్లో మిలో. రాపా నుయిలో కూడా మిరో అన్న మాట ఉంది. కానీ దానికి గంగరావి అని అర్థం కాదు. మిరో అంటే కట్టె, కలప, చెట్టు, ఓడ కూడా. గంగరావిని మాత్రం మకో'ఇ అంటారు. చెక్కడాలకు ఆ కలప ఇప్పటికీ ప్రియమైనది.

ఒక చెట్టు పేరు కలపంతటికీ పేరైంది. ఆ చెట్టుకేమో మరో పేరు కావలసి వచ్చింది. దీన్ని చూడగానే అడవులు నరికేసిన ద్వీపం కదా, చెట్లు పోయాయి గనుక పేర్లు కలిసిపోయాయి అని రాయాలనిపిస్తుంది. జాన్ ఫ్లెన్లీ అగ్నిబిలాల సరస్సుల బురదలో పుప్పొడిని పరిశీలించి, ఒకప్పుడు అక్కడ తాటి కుటుంబపు చెట్ల అడవి ఉండేదని, అది పోయిందని చూపించాడు. అది గట్టి ఆధారమే. కానీ మాట అర్థం విస్తరించడానికి అడవి పోనక్కర్లేదు. అడవులు నిండుగా ఉన్న ప్రాంతాల భాషల్లోనూ ఒక చెట్టు పేరు జాతి పేరయిన సందర్భాలున్నాయి. ఈ మార్పు ఎప్పుడు జరిగిందో తేల్చే పాత రాత లేనంతవరకు, మిరోను అడవి నాశనానికి సాక్షిగా నిలబెట్టడం సరికాదు. ఇంత చిన్న జాతి మీద ఆత్మవినాశం చేసుకున్నారన్న ముద్ర తేలిగ్గా వేశారు. 2024లో ప్రచురితమైన పూర్వ రాపా నుయి వాసుల జన్యు అధ్యయనం 17వ శతాబ్దంలో జనాభా కుప్పకూలిందన్న వాదానికి మద్దతు దొరకలేదని చెప్పింది. మాటను పట్టుకుని ఆ ముద్రను మళ్లీ గట్టిపరచకూడదు.

హౌహౌ విషయంలో ఊహ అవసరం తక్కువ. పాలినీషియా అంతటా ఫౌ, హౌ అన్నది తీరాన పెరిగే మందార కుటుంబపు చెట్టు. దాని బెరడు నారతో తాళ్లు పేనుతారు. రాపా నుయిలో హౌహౌ వేరే పొద, ట్రయంఫెట్టా అన్న ప్రజాతికి చెందినది. దాని నారతోనూ తాళ్లే పేనుతారు. వలస వచ్చినవాళ్లు పేరును ఆకుకో పువ్వుకో కాక చేతిలోని పనికి కట్టారని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. విగ్రహాలను లాగిన తాళ్ల గురించి ఎన్ని పుస్తకాలున్నాయో! ఆ తాడు పేరు వెనుక ఉన్న ఈ చిన్న ప్రయాణానికీ అందులో ఒక పేజీ దక్కాలి.

తోరోమిరో అన్న పేరు మరో రకంగా బతికింది. ఆ చిన్న చెట్టు సహజంగా పెరిగే చోటు లోకంలో ఇదొక్కటే. చివరిది రానో కావు అగ్నిబిలంలో ఉండేది, 1960లో నరికేశారు. అంతకు కొన్నేళ్ల ముందు హెయెర్‌డాల్ బృందం తీసుకెళ్లిన గింజలు స్వీడన్‌లోని యోటెబోరి వృక్షోద్యానంలో మొలిచాయి. ఇప్పుడున్న మొక్కల్లో చాలావాటికి మూలం అదే.

నీళ్ల మాటలు ఈ ద్వీపపు ఇక్కట్లను దగ్గరగా చూపిస్తాయి. మంచినీరు వై. సముద్రం వైకవ, అంటే చేదు నీరు. ఏడాది పొడవునా పారే ఏరు ద్వీపంలో లేదు. రానో అంటే అగ్నిబిలంలోని సరస్సు, రానో కావు, రానో రరాకు, రానో అరోయి అని మూడున్నాయి. వాన నీరు పట్టే రాతి తొట్టి తహెత. ఊట, బావి పున. భూమిలోకి ఇంకిన వాన నీరు ఒడ్డున, ఆటు సమయంలో, ఉప్పునీటిలో కలుస్తూ పైకి ఊరుతుందని ఇటీవలి కొలతలు చూపించాయి. ద్వీపవాసులు సముద్రపు నీళ్లు తాగుతున్నారని 18వ శతాబ్దపు నావికులు రాసిన ఆశ్చర్యకరమైన మాటకు ఇది సమంజసమైన వివరణ.

వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మనవై. రాపా నుయిలో అది గాలికి అడ్డంగా గుండ్రంగా రాళ్లు పేర్చి, లోపల అరటి, చేమ వంటివి పెంచుకునే మడి. మార్కేసాస్ దీవుల్లో మనవై అంటే లోయ, వాగు. వాగుల దేశం నుంచి వచ్చినవాళ్లు వాగు లేని నేలలో, తేమ నిలిచే చోటికి ఆ పేరు పెట్టుకున్నారన్నది అందమైన వివరణ. రూసెల్ పట్టికలో కూడా ఈ మాటకు లోయ, వాగు అన్న అర్థాలున్నాయి. ఇక్కడే ఆగాలి. అవి రాపా నుయి పెద్దలు చెప్పిన పాత అర్థాలా, రూసెల్ తలలో అప్పటికే ఉన్న మరో దీవి మాటలా? ఆ పట్టిక ఒక్కదాని మీదే నిలబడితే ఆ అందమైన వివరణకు సగం బలమే. మార్కేసాస్ సాక్ష్యం రూసెల్ మీద ఆధారపడలేదు కాబట్టి మిగతా సగం నిలుస్తుంది.

ఈ తోటల విస్తీర్ణం మీద కూడా లెక్కలు మారాయి. పొలమంతా రాళ్లు పరిచి చిలగడదుంప పండించిన భూములు 4 నుంచి 21 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటాయని అంతకుముందు అంచనాలుండేవి. 2024లో ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం 0.76 చదరపు కిలోమీటర్లేనని తేల్చింది. ఆ దుంప పేరు కుమర. మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. ఆండీస్ వైపు భాషల్లో దాన్ని పోలిన కుమర్ వంటి రూపాలున్నాయి. కుక్ దీవుల్లోని మంగైయాలో యూరప్‌వాళ్లు రాకముందే కాలిపోయిన దుంప ముక్కలు దొరికాయి. 2020లోనూ 2024లోనూ వచ్చిన జన్యు అధ్యయనాలు యూరప్ నావికులకు ముందే పాలినీషియన్లకూ అమెరికా ఆదివాసులకూ కలయిక జరిగిందని చూపాయి. 2018 నాటి మరో అధ్యయనం మాత్రం మొక్క మనిషి సాయం లేకుండానే చేరి ఉండవచ్చంది. మొక్క తేలుతూ రావచ్చు, పేరు తేలుతూ రాదు. అందుకే ఈ చర్చలో భాషా సాక్ష్యానికి ప్రత్యేక విలువ ఉంది. అయినా కుమర అన్న మాట పాలినీషియా అంతటా ఉంది గనుక, అది రాపా నుయిలోనే మొదట దిగిందని దీన్నిబట్టి చెప్పడానికి వీల్లేదు.

ఆకాశం వైపు చూస్తే నెలలోని రాత్రుల పేర్లు ఎంతో పాతవని తెలుస్తుంది. అమావాస్య తర్వాతి తొలి రాత్రి ఓహిరో. హవాయిలో హిలో, మావోరీలో ఫిరో. తర్వాత కొకోరె తహి, కొకోరె రువ అంటూ అంకెలతో సాగే రాత్రులు. కోరె అంటే లేనిది. హవాయిలోనూ 'ఒలె అని, మావోరీలోనూ కోరెకోరె అని ఇదే తీరు పేర్లున్నాయి. పౌర్ణమి ఒమోతోహి. 1886లో అమెరికా నౌక మీద వచ్చిన థామ్సన్, 1934-35 యాత్రలో మెత్రో, తర్వాత ఎంగ్లెర్ట్ ఈ పేర్లను వేర్వేరు పెద్దల దగ్గర సేకరించారు. జాబితాలు పూర్తిగా ఒకటి కావు, కానీ వెన్నెముక ఒకటే. ముగ్గురు వేర్వేరు కాలాల్లో అడిగినా నిలిచిన వరుస కాబట్టి దీన్ని నేను బాగా నమ్ముతాను. 1958లో పరిశోధకుడు బార్తెల్, మామరీ అనే చెక్క పలక మీద రొంగొరొంగో అనే ద్వీపపు లిపిలో ఉన్న రాతలో చాంద్రమాన పంచాంగాన్ని గుర్తించినప్పుడు పనికొచ్చిందీ వరుసే. ఆ లిపిలో ఎక్కువమంది ఒప్పుకునే గుర్తింపు అదొక్కటే అనవచ్చు. 1930ల్లో ద హెవెషీ అదే లిపికి మన సింధు లిపితో చుట్టరికం కలిపాడు. వేల ఏళ్ల దూరాన్నీ వేల కిలోమీటర్ల దూరాన్నీ పోలికలతో దాటిన ఆ వాదం నిలవలేదు.

గాలి పేరు తోకెరౌ. ఇతర దీవుల్లో అదే మాట ఉత్తర దిక్కుకో, ఒకానొక గాలికో పేరు. హవాయిలో కో'ఒలౌ అంటే గాలి వీచే వైపు. రాపా నుయిలో ఏ గాలైనా తోకెరౌ.

ఈనాటి ద్వీపంలో స్పానిష్ ఊరంతా నిండింది. 1888లో చిలీ ఈ ద్వీపాన్ని కలుపుకుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు భూమంతా గొర్రెల మేపుకు పోయింది, జనం హంగా రోవా ఊరికి పరిమితమయ్యారు. 1966లో పౌరహక్కులు, మరుసటేడు విమానాలు వచ్చాయి. పెద్దలు రాపా నుయిలో మాట్లాడితే పిల్లలు స్పానిష్‌లో జవాబు చెప్పే ఇళ్లు పెరిగాయి. 1970ల నుంచి పాఠ్యపుస్తకాలు, 2000 ప్రాంతం నుంచి బడిలో రాపా నుయి మాధ్యమపు తరగతులు ఈ ప్రవాహానికి ఎదురీదుతున్నాయి. పౌలస్ కీవిట్ రాసిన పెద్ద వ్యాకరణం 2017లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వెలువడింది.

మికి మకిహారా వంటి భాషాశాస్త్రవేత్తలు గమనించినదొకటి ఇక్కడ చెప్పాలి. సభల్లో, రాజకీయ ప్రసంగాల్లో శుద్ధ భాష మాట్లాడాలన్న పట్టుదల పెరిగినప్పుడు వక్తలు ఏరి తీసేసేది స్పానిష్ మాటలను. తహీతి మాటల జోలికి పోరు. పలకరింపు 'ఇయోరాన, కృతజ్ఞత చెప్పే మౌరుఉరు, రెండూ తహీతి నుంచి వచ్చినవే. డబ్బు, తేదీలు లెక్కపెట్టేటప్పుడు వాడే హో'ఎ, పితి కూడా అంతే. తహి, రువ అన్న పాత వరుస వాటి పక్కనే ఉంది. ధ్వనుల జల్లెడ పట్టే పరిశోధకుడు వీటిని అరువు మాటల గడిలో వేస్తాడు, వేయాలి కూడా. 111 మంది మిగిలిన కాలంలో ఆశ్రయమిచ్చిన దీవి నుంచి తెచ్చుకున్న ఈ మాటల్ని ఆ ద్వీపంలోని తల్లులు ఇవాళ తమవిగానే పిల్లలకు నేర్పుతున్నారు.